కోర్టు బల్ల మీద కూలిన మిద్దె

బొమ్మ ఊళ్ళు కట్టే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. చెట్టుకు ఆకులు ఎలా అంటించాలి, దూరాన ఉన్న కొండకు ఏ రంగు వెయ్యాలి, చెరువులో నీళ్ళు ఉన్నట్టు ఎలా చూపించాలి అని అడుగుతారు. అవన్నీ చెయ్యి తిరిగే కొద్దీ మీకే వస్తాయి. నేను ప్రత్యేకంగా చెప్పదగ్గ పాఠం ఒక్కటే ఉంది. మీరు కట్టిన ఊరి మీద ఎవరైనా నీళ్ళు పోస్తారేమో ముందే అడగండి. పోస్తామంటే ఎన్ని పోస్తారో అడగండి. పోసే మనిషి ఎవరో కూడా ఒకసారి చూసి రండి.

నేను ఈ మూడింటిలో మొదటిది మాత్రమే తెలుసుకుని దిగినవాణ్ణి.

యుద్ధం జరుగుతున్న రోజులవి. నరసరావుపేటలో ఒక మిషన్ బడిలో డ్రాయింగు మాస్టరుగా ఉండేవాణ్ణి. ఏడాదికి పదకొండు నెలలు పిల్లల చేత కూజాలు, అరటిపళ్ళు గీయించడం, పన్నెండో నెలలో గుడిలో క్రిస్మస్ పాక, అంటే యేసు పుట్టిన ఊరి బొమ్మ, కట్టడం నా ఉద్యోగం. మొదటిది జీతానికి చేసేవాణ్ణి, రెండోది ప్రాణం పెట్టి చేసేవాణ్ణి. పుట్టమన్ను, కప్పులు నేసే బోదకసువు, జీలుగు బెండు, ఇవే నా సామాను. బెత్లెహేము ఎలా ఉంటుందో నాకు తెలియదు కాబట్టి తెలిసిన ఊరే కట్టేవాణ్ణి. నాపరాళ్ళ ప్రహరీలు, మట్టి మిద్దెలు, వాకిట్లో రోలు, అరుగు మీద చుట్ట కాలుస్తున్న ముసలాయన. బాలయేసును చూడటానికి వచ్చిన జనం ఆ ముసలాయన దగ్గర ఆగిపోయి, "అచ్చం మా మామే" అని మురిసిపోయేవాళ్ళు. ఫాదరు గారికి అది కొంచెం కష్టంగా ఉండేది.

ఈ పనిలో నేను గమనించిన విషయం ఒకటుంది. పెద్ద బొమ్మను జనం నిలబడి చూస్తారు, వంకలు పెడతారు. చిన్నదాన్ని చూడాలంటే వంగాలి. నడుం వంచిన మనిషికి వంకలు పెట్టాలని తోచదు. కాసేపు ఆ ఊళ్ళోనే ఉండిపోతాడు. మా వృత్తి బతికేది ఆ కాసేపటి మీదే.

ఒక ఏడు క్రిస్మస్ వెళ్ళిన వారానికి, పాక ఇంకా విప్పకముందు, ఒక ప్లీడరు గారు గుడికి వచ్చారు. మా మతం కాదు, భక్తితో వచ్చిన మనిషీ కాదు. చేతులు వెనక్కి కట్టుకుని పాక చుట్టూ మూడుసార్లు తిరిగారు.

"ఈ కప్పు మీద నీళ్ళు పోస్తే ఎటు పడతయ్యి మాస్టారూ?" అన్నారు.

"బెత్లెహేములో వానలుండవండీ" అన్నాను, పోసేస్తాడేమోనని భయపడి.

"మా పల్నాట్లోనూ ఉండవు. అదే వచ్చిన చిక్కు" అని ఆయన బల్ల మీద కూర్చుని సంగతంతా చెప్పారు.

ఆయన చేతిలో ఒక చూరు నీళ్ళ దావా ఉంది. డాబాలలో పుట్టిన మీకు చూరు నీళ్ళంటే తెలియకపోవచ్చు. పూరింటి కప్పు గోడ దాటి కిందికి వాలి ఉండే అంచు చూరు. వాన పడితే ఆ అంచు నుంచి ధార కారుతుంది. నా చూరు నీళ్ళు నా జాగాలో పడాలి, నీ జాగాలో పడితే నువ్వు కోర్టుకెక్కుతావు. మా వైపు భూముల తగాదాలకన్నా ఈ తగాదాలే ఎక్కువ కాలం నడిచేవి. భూమి అయితే అమ్ముకుని వెళ్ళిపోవచ్చు, చూరు రోజూ కంటి ముందే ఉంటుంది.

మాచర్లకు ఇవతల ఒక ఊరు. పేరు చెబితే వాళ్ళ మనవళ్ళు నా మీద వకాల్తా పట్టుకొస్తారు కనక చెప్పను. అక్కడ ఒక విధవరాలు ఉండేది. ఊరంతా పెద్దమ్మ అని పిలిచేవాళ్ళు, నేనూ అలాగే అంటాను. ఆమెకు బోద కప్పిన ఇల్లు, సందు వైపు ఒక పంచ, ఆ పంచలో ఒక బర్రె. ఆ బర్రె పాడితోనే ఆమె బతుకు. సందుకు అవతల ఆమె మరిది కొడుకు మట్టి మిద్దె. సందు మధ్యలో హద్దుగా నాపరాళ్ళ వరస పరిచి ఉంది. ఇవతల ఈమెది, అవతల అతనిది. పెద్దమ్మ చూరు మూరెడు ముందుకొచ్చిందనీ, నీళ్ళు వరస దాటి తన వైపు పడుతున్నాయనీ, చూరు మూరెడు కోయించమనీ అతను దావా వేశాడు.

మూరెడు చూరు పోతే ఏమవుతుందని ప్లీడరు గారిని అడిగాను.

"బర్రె ముందర సగం నీడలో ఉంటది, వెనక సగం ఎండలో ఉంటది. పల్నాటి ఎండకి సగం బర్రె బతకదు మాస్టారూ."

దావా నాలుగో ఏట్లో ఉంది. కోర్టు పంపిన కమీషనరు రెండుసార్లు వెళ్ళి ప్లాను గీసుకొచ్చాడు. రెండుసార్లూ చుక్క వాన పడలేదు. సాక్షిని బోనెక్కించి నీళ్ళు ఎక్కడ పడ్డాయో చెప్పమంటే, "ఏ వానకండీ?" అని ఎదురు ప్రశ్న వేశాడట. ఇప్పుడు ఆ కోర్టుకు కొత్తగా వచ్చిన జడ్జి, మునసబు గారు, కాగితం మీద గీతలు తనకు అర్థం కావనీ, కళ్ళకు కట్టినట్టు చూపించమనీ అన్నారు. ఆ మాట పట్టుకుని మా ప్లీడరు గారు పాక దగ్గరికి వచ్చారు. రెండిళ్ళు, ఒక సందు, ఒక చూరు బొమ్మగా చేయించి, కోర్టులో బల్ల మీద పెట్టి, పైనుంచి నీళ్ళు పోసి చూపించాలని ఆయన ఆలోచన. నేను ఎగిరి గంతేశాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆవిడ అన్నది, నేను వినలేదు.

కొలతలకు ఆ ఊరు వెళ్ళాను. టేపు తీసి సందులో దిగగానే పెద్దమ్మ ఎదురొచ్చింది. ఎండిన చెరుకు గడలా ఉంది మనిషి, గొంతు మాత్రం సందు దాటి వినిపించేది.

"ఏందయ్యా, మళ్ళీ కమీషనా?"

"కాదు పెద్దమ్మా. మీ ఇల్లు బొమ్మ చేసి కోర్టులో పెడతాం."

"అందులో నా బర్రె యాడ నిలబడిద్ది?"

"బర్రె ఉండదు. ఇళ్ళు, సందు, చూరు, అంతవరకే."

"బర్రె లేకపోతే అది నా ఇల్లెట్టా అయిద్ది? దేవుడి మీద పెమాణం చేయించి నిజం చెప్పమంటారు గదా. బర్రె లేని కొంప చూపిచ్చి ఇది నాదేనని ఎట్టా చెప్పేది? నేను చెప్పను."

ప్లీడరు గారు తల పట్టుకున్నారు. "కోర్టుకు రాసిచ్చిన మన జవాబు దావాలో బర్రె లేదమ్మా" అని నచ్చజెప్పబోయారు. "రాసింది నువ్వే గదయ్యా, నువ్వే రాయలా" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. చివరికి ఆయన నా చెవిలో, "పెట్టండి, చిన్నది పెట్టండి" అన్నారు.

అవతలి వైపు నుంచి వాది, ఆ మరిది కొడుకు, నన్ను చేత్తో పిలిచాడు. శత్రుపక్షం కదా, తిట్టడానికే అనుకుని వెళ్ళాను. మంచం వేసి మజ్జిగ ఇచ్చాడు.

"మీరు మా పెద్దమ్మ తరఫున వచ్చినా మా ఊరికొచ్చిన మనిషి. మా మిద్దె గూడా చేస్తారా?"

"చెయ్యకపోతే సందు ఎక్కడ ఉంటుంది?"

అతను గొంతు తగ్గించాడు. "అయితే ఓ మాట మాస్టారూ. పిట్టగోడ ఇంకా కట్టలా. వచ్చే ఏడు కట్టాలనుకుంటన్నా. కోర్టులో పదిమంది చూసేది గదా, కట్టినట్టే చెయ్యండి."

నేను తెల్లబోయాను. తన మీద సాక్ష్యం చెప్పబోయే బొమ్మలో తన ఇల్లు అందంగా ఉండాలని అడిగిన వాది ఇంకెక్కడైనా ఉంటాడేమో నాకు తెలియదు. సరే చేస్తానన్నాను. నా మజ్జిగ గ్లాసులో ఇంకో గరిటె పోశాడు.

బడిలో ఒక పాత తలుపు రెక్క తీసుకుని దాని మీద పని మొదలుపెట్టాను. అడుగుకు అర అంగుళం లెక్క. పుట్టమన్ను జల్లెడ పట్టి, కసువు పొట్టు కలిపి, మూడు రోజులు మాగనిచ్చి గోడలు పెట్టాను. నాపరాళ్ళకు పగిలిన పలకల ముక్కలు సరిపోయాయి. పెద్దమ్మ కప్పుకు ఒక్కొక్క పోచ కత్తిరించి అంటించాను. తలుపులు నిజంగా తెరుచుకునేవి. అలాంటి పనిలో ఉన్నప్పుడు నాకు ఆకలి కూడా తెలిసేది కాదు. అంత సంతోషం ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళ సర్వీసులో చాలా తక్కువసార్లు దొరికింది.

బర్రె దగ్గర మాత్రం బద్ధకించాను. క్రిస్మస్ పాకలో ఎద్దుకు వాడే అచ్చు ఒకటి నా దగ్గర ఉండేది. అందులో మన్ను వత్తి తీసి, కొమ్ములు వెనక్కి వంచి, దీపం మసి పూసి నిలబెట్టాను. నల్లగా నిగనిగలాడింది. అంతకు మించి పరీక్షగా చూడలేదు.

వాది పదిహేను రోజులకోసారి నరసరావుపేట వచ్చి తన మిద్దె ఎంతవరకు వచ్చిందో చూసుకుని పోయేవాడు. తూర్పు వాకిలి పక్కన దీపం గూడు మరిచిపోయానని చెప్పి పెట్టించాడు. ఆఖరిసారి భార్యను కూడా తీసుకొచ్చాడు. ఆమె చాలాసేపు వంగి చూసి, తన వెంట తెచ్చుకున్న కాస్త పసుపు గడపకు రాసి, అగ్గిపుల్ల కొనతో మూడు బొట్లు పెట్టింది. ఆ గడప నా చిటికెన వేలంత ఉంటుంది.

"ఇది బొమ్మమ్మా" అన్నాను.

"గడప గడపే గదన్నయ్యా" అన్నది.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. పచ్చిమన్ను మీద నీళ్ళు పడితే ఏమవుతుందో మూడేళ్ళ పిల్లకు కూడా తెలుసు. యుద్ధం మూలాన వార్నీషు దొరకలేదు. గుడిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి పెద్దమ్మ కప్పుకూ గోడలకూ సందుకూ మైనం పట్టించాను. వాది మిద్దె దగ్గరికి వచ్చేసరికి మైనం అయిపోయిందని అందరికీ చెప్పాను. అయిపోలేదు. నా సొరుగులో ఇంకా రెండు ముక్కలు ఉన్నాయి. ముసలిదాని బర్రెకు నీడ లేకుండా చెయ్యబోతూ పిట్టగోడ సోకులు అడుగుతున్నాడని ఆ మనిషి మీద నాకు మంట. నీళ్ళు పోసేది చూరు మీద కదా, మిద్దెకెందుకులే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

వేసవి సెలవులు అయ్యాక, పల్నాట్లో ఉన్న ఆ కోర్టులో, వాయిదా రోజు వచ్చింది. ఆ రోజుల్లో పెట్రోలు కరువు, బొగ్గు బస్సులు నడిచేవి. మెరక రాగానే డ్రైవరు అందరినీ దించేవాడు. నేను తలుపు రెక్కను, దాని మీద రెండిళ్ళను, ఒక సందును నెత్తిన పెట్టుకుని బస్సు వెనక నడిచాను. దారిన పోయేవాళ్ళు దండం పెట్టారు. ఏ దేవుడనుకున్నారో తెలియదు.

కోర్టు హాలు కిటకిటలాడింది. మునసబు గారు దక్షిణాది మనిషి, తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు. బొమ్మను ఆయన బల్ల మీద పెట్టగానే కళ్ళజోడు పైకి తోసుకుని వంగారు. నేను ఎదురు చూసిన వంగడం అదే. చిటికెన వేలితో పెద్దమ్మ తలుపు తీశారు, వేశారు, మళ్ళీ తీశారు. రెండు పక్షాల ప్లీడర్లూ కాగితాలు సర్దుకుంటూ ఊరుకున్నారు.

"బహు చక్కగా నున్నది" అని లేచారు. తర్వాత పంచ వైపు చూసి, "ఈ మహిషము ఎవరిది?" అన్నారు.

అంతే, వాది ప్లీడరు లేచాడు. నశ్యం మనిషి, ప్రతి ప్రశ్నకూ ముందు ఒక పట్టు పీల్చేవాడు. నన్ను బోనెక్కించాడు.

"మాస్టారూ, మీ లెక్క అడుగుకు అర అంగుళమే గదా?"

"అవునండి."

అతను స్కేలు తీసి బర్రె పక్కన పెట్టాడు. "ఆరు అంగుళాలు. అంటే పన్నెండు అడుగులు. పల్నాట్లో పన్నెండు అడుగుల బర్రెను మీరెక్కడ చూశారు?"

నేను స్కేలు మీద గీతలు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను.

"పోనీ ఇది చెప్పండి. బర్రెకు మూపురం ఉంటదా?"

అప్పుడు చూశాను. ఎద్దు అచ్చు కదా. మూపురం చెక్కెయ్యడం మరిచిపోయాను. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. పెద్దమ్మ ఉన్నచోటి నుంచే లేచింది.

"అయ్యా, నా బర్రెకి మూపురం లేదు. ఈయనే పెట్టాడు. మనిషి మంచోడే గానీ మూపురం పెట్టాడు."

"ఇది బర్రె కాదు, ఎద్దు. ఒప్పుకుంటారా?" అన్నాడు నశ్యం ప్లీడరు నాతో.

ప్రమాణం చేసి ఉన్నాను. అబద్ధం ఆడలేను. "బెత్లెహేము ఎద్దండి. మసి పూశాను" అన్నాను.

మునసబు గారు కలం ఆపి మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. శ్రద్ధగా రాసుకున్నారు.

కొలతకు మించిన పశువును పెట్టి కోర్టువారి జాలిని కూడా కొలతకు మించి పెంచుతున్నారని వాది ప్లీడరు వాదించాడు. మా ప్లీడరు గారు అది చిన్నబర్రె అనుకుని చూడమన్నారు. దావాలో లేని పశువును చిన్నదిగానైనా ఎలా చూస్తారని అతను. అరగంట నడిచింది. చివరికి మునసబు గారు బర్రెను రెండు వేళ్ళతో ఎత్తి సిరాబుడ్ల మధ్య నిలబెట్టి, "ప్రస్తుతమునకు మహిషము కోర్టు స్వాధీనము" అని తీర్పు చెప్పారు. పెద్దమ్మ ముఖం చూడలేకపోయాను.

ఇక నీళ్ళ ఘట్టం. నా సంచిలో సన్న బెజ్జాల డబ్బా ఒకటి తెచ్చుకున్నాను. దాంతో చూరు మీద నాలుగు చినుకులు చిలకరిస్తే చాలు. నేను సంచి విప్పేలోపే వాది ప్లీడరు మళ్ళీ లేచాడు.

"అయ్యా, వాన ప్రతివాది ఇంటి మీదనే పడదు. పడితే ఊరంతా పడిద్ది. న్యాయమంటే ఇద్దరి మీదా పడాలి."

"సమంజసముగా నున్నది" అన్నారు మునసబు గారు, బంట్రోతును నీళ్ళు తెమ్మన్నారు.

బంట్రోతు రోజూ ఉదయం కోర్టు ఆవరణలో వేపమొక్కలకు నీళ్ళు పోసేవాడు. ఆ పనికి వాడే బిందెతోనే వచ్చాడు. "అయ్యా, డబ్బా ఉంది" అని నేను బోనులోంచి అరిచాను. సాక్షి మాట్లాడకూడదని గుమాస్తా కసిరాడు. బంట్రోతు బిందె ఎత్తి, న్యాయం ఇద్దరికీ సమానంగా ఉండేలా, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కసారి కుమ్మరించాడు.

ముందు పిట్టగోడ పోయింది. ఊళ్ళో ఇంకా కట్టని పిట్టగోడ. తర్వాత మిద్దె నడిమికి కుంగింది. గోడలు ఒక్కొక్కటే మోకాళ్ళ మీద కూర్చున్నాయి. తూర్పు వాకిలి మాత్రం ఒక్క క్షణం ఒంటరిగా నిలబడి, అదీ ఒరిగింది. పెద్దమ్మ ఇల్లు మైనం నిగనిగలతో చుక్క అంటకుండా నిలబడి ఉంది. ఎర్రటి బురద నీళ్ళు దస్త్రాల మీదికి పారాయి. గుమాస్తాలు కట్టలు ఎత్తుకుని పరిగెత్తారు.

"అయ్యో, నా మిద్దె!" అని వాది బల్ల మీదికి దూకాడు. రెండు అరచేతులూ మిద్దెకు గొడుగులా పట్టాడు. అప్పటికే చేతుల కింద ముద్ద తప్ప ఏమీ లేదు. అయినా తియ్యలేదు. వెనక నుంచి అతని భార్య వచ్చి ఆ బురదలో వెతికి, పసుపు రాసిన గడప ముక్క తీసి కొంగున కట్టుకుంది. నా సొరుగులో ఉన్న కొవ్వొత్తి ముక్కలు గుర్తొచ్చాయి.

"చూరు నీళ్ళు ఎచ్చట పడినవి?" అన్నారు మునసబు గారు, తడిసిన చొక్కా చేతి అంచు పిండుకుంటూ.

ఎవరూ చూడలేదు. హాల్లో ఉన్న వంద మందీ మిద్దెనే చూశారు. దస్త్రాలు ఎండేదాకా వాయిదా వేశారు.

పది రోజుల తర్వాత వాది మా బడికి వచ్చాడు. కొట్టడానికి వచ్చాడనుకుని బ్లాకుబోర్డు వెనక్కి తప్పుకున్నాను. అతను కోపంగా లేడు. నాలుగు రోజులు నిద్రలేనట్టు ఉన్నాడు.

"మిద్దె మళ్ళీ కట్టాల మాస్టారూ."

సంగతేమిటంటే, గడపకు పసుపు పెట్టిన ఇల్లు నిండు కోర్టులో కూలిందని అతని భార్య ఊరి సిద్ధాంతి దగ్గరికి వెళ్ళింది. గడపకు పసుపు పడ్డాక అది బొమ్మ కాదు, ఇల్లేనన్నాడు సిద్ధాంతి. కూలిన ఇల్లు మళ్ళీ లేచి, పాలు పొంగించేదాకా ఊళ్ళో మిద్దెలో కాలు పెట్టకూడదన్నాడు. ఈలోగా ఆషాఢం వచ్చింది. శ్రావణం దాకా గృహప్రవేశాలు లేవు.

"మరి ఎక్కడుంటున్నారు?"

అతను నేల చూశాడు. పడమటి ఇంటాయన మీద కాలువ దావా ఉంది. ఉత్తరపు ఇంటాయన మీద చింతకొమ్మ దావా ఉంది. వెనకింటివాళ్ళ మీద కోళ్ళగూటి దావా. ఊళ్ళో ఎవరి గుమ్మం తొక్కేటట్టు లేదు.

"పెద్దమ్మ పిలిచింది. బర్రె పక్కన రెండు మంచాలు పడతయ్యి, రారా అన్నది. అక్కడే ఉంటన్నాం" అన్నాడు.

అంటే, ఏ చూరు కోయించాలని నాలుగేళ్ళు తిరిగాడో ఆ చూరు కిందే పడుకుంటున్నాడు. దావా మాత్రం దావాలాగే ఉంది. మధ్యలో ఒక వాయిదాకు వాది, ప్రతివాది ఒకే బండిలో వచ్చి, ఒకే మూట విప్పుకుని తిని, లోపలికెళ్ళి చెరోవైపు నిలబడ్డారని మా ప్లీడరు గారు నాకు ఉత్తరం రాశారు. ఇద్దరు ప్లీడర్లకూ తలకొట్టేసినట్టయిందట.

ఈసారి మిద్దెను నిజాయితీగా కట్టాను. పిట్టగోడతో సహా కట్టి, కుమ్మరి ఆవంలో కాల్పించాను. సొరుగులోని ఆ రెండు కొవ్వొత్తి ముక్కలూ దానికే కరగబోశాను. శ్రావణం రెండో వారంలో గడ్డిబుట్టలో పెట్టుకుని ఆ ఊరు వెళ్ళాను.

పంచలో అడుగు పెట్టగానే వాది భార్య బుట్ట అందుకుని, మూత తీసి చూసి, ఏడ్చేసింది. కొంగు ముడిలోంచి పాత గడప ముక్క తీసి కొత్తదాని పక్కన పెట్టుకుంది. పెద్దమ్మ బర్రెకు కుడితి పెడుతోంది. బర్రెకు మూపురం లేదు. ఈసారి పరీక్షగా చూశాను. వాది మంచం మీద కాళ్ళు కిందికి వేలేసి కూర్చుని పిట్టగోడను వేలితో తడుముతున్నాడు. తప్పు ఒప్పుకుందామని నేను గొంతు సవరించుకున్నాను. అప్పుడే ఉరిమింది.

ఆ ఊళ్ళో నాలుగేళ్ళుగా ఎవరూ చూడని వాన అది. మొదట నాలుగు చినుకులు దుమ్ము లేపాయి, ఆ తర్వాత ఆకాశం చిల్లు పడింది. చూరు మొత్తం బారునా ధార కట్టింది. నలుగురం ఒకేసారి కిందికి చూశాం.

ధార నాపరాళ్ళ వరసకు ఇవతల పడలేదు. వరస మీద కూడా పడలేదు. వరస దాటి, మంచి మూరెడు అవతల, వాది జాగాలో పడుతోంది. గుంట పడుతోంది. ఆ గుంట లోంచి నీళ్ళు అతని మిద్దె గోడ వైపే పారుతున్నాయి. నాలుగేళ్ళ నుంచి అతను చెబుతున్నది అక్షరాలా నిజం. కమీషనరు చూడలేనిది, మునసబు గారు చూడలేనిది, నేను తలుపు రెక్క మీద చూపించలేనిది మా కళ్ళెదుట కారుతోంది. పెద్దమ్మ కాక సాక్షులం ముగ్గురం ఉన్నాం. రేపు కోర్టులో ఈ ఒక్క ముక్క చెబితే చూరు తెగిపోతుంది.

పెద్దమ్మ కుడితి గోళెం దగ్గర అలాగే వంగి ఉండిపోయింది. తల ఎత్తలేదు. ఆమె చెయ్యి బర్రె మెడ మీద ఉంది. ఆ క్షణాన ఎవరైనా ఏమైనా అంటే ఏడ్చేసేవాణ్ణి.

వాది ధార వంక చాలాసేపు చూశాడు. తన మిద్దె గోడ చూశాడు. జల్లు గాలికి లోపలికి కొట్టి అతని పాదాలు తడుస్తున్నాయి. కాళ్ళు మంచం మీదికి లాక్కున్నాడు.

"పెద్దమ్మా, ఈ చూరు ఇంకో మూరెడు ఉండాల్సింది. కాళ్ళు తడస్తన్నయ్యి" అన్నాడు.

పెద్దమ్మ తల ఎత్తకుండానే అన్నది.

"అయితే దావా ఎయ్యరా."